లీజు లైన్‌లో మీరు కొనేది ఏమిటి? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో వ్యాపార సంస్థల ఇంటర్నెట్ గురించి నాలుగు మాటలు రాసినప్పటి నుంచి ఉభయ గోదావరి జిల్లాలు, కోనసీమ, కాకినాడల నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం లీజు లైన్ (ఒకే సంస్థకు ప్రత్యేకంగా కేటాయించే ఇంటర్నెట్ లైన్) గురించే కాబట్టి ఈ సంచికను పూర్తిగా దానికే కేటాయించాను. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాను.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల శుద్ధి కర్మాగారం. మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్‌కు 200 ఎంబీపీఎస్ (సెకనుకు 200 మెగాబిట్లు) వస్తోంది. కర్మాగారానికి 20 ఎంబీపీఎస్ లీజు లైన్ కావాలని అడిగితే ఇంటి కనెక్షన్ అద్దెకు ఎన్నో రెట్లు చెబుతున్నారు. పదో వంతు వేగానికి అంత డబ్బు ఎందుకు పెట్టాలో అర్థం కావడం లేదు. దయచేసి వివరించగలరు.

జవాబు: ఇంటి ఫైబర్ మీ గుమ్మం దాకా ఎలా వస్తుందో ముందుగా చూస్తే ధరలో తేడా దానంతట అదే తెలుస్తుంది. కంపెనీ ఎక్స్ఛేంజిలోని ఓఎల్‌టీ అనే యంత్రం నుంచి బయలుదేరిన ఒకే ఒక్క ఫైబర్ పోగు మీ వీధి దాకా వచ్చి, స్తంభానికి బిగించిన చిన్న డబ్బాలోని స్ప్లిట్టర్ దగ్గర 32 లేదా 64 కొమ్మలుగా చీలి, ఒక్కో కొమ్మగా ఒక్కో ఇంటికి వెళుతుంది. విస్తారంగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఆ పోగు మోయగలిగింది దిగువకు, అంటే ఇళ్ల వైపు, సుమారు 2.5 జీబీపీఎస్ (2,500 ఎంబీపీఎస్), ఎగువకు, అంటే ఇళ్ల నుంచి బయటికి, సుమారు 1.25 జీబీపీఎస్. అరవై నాలుగు ఇళ్లకు 200 ఎంబీపీఎస్ చొప్పున అమ్మితే 12.8 జీబీపీఎస్ కావాలి. ఉన్నది అందులో ఐదో వంతు కూడా లేదు. దీన్ని మోసం అనడానికి వీల్లేదు. అందరూ ఒకే క్షణంలో పూర్తిగా వాడరన్న అంచనా మీదే ఆ ధర నిలబడింది, సాధారణ రోజుల్లో ఆ అంచనా నిజమే అవుతుంది కూడా. రాత్రి ఎనిమిది గంటలకు క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజున మాత్రం అది తప్పుతుంది.

డెల్టాలో ఉన్నవారికి ఈ సంగతి నేను చెప్పేకంటే దాళ్వా నీళ్ల కాలం బాగా చెబుతుంది. కాలువ నిండుగా పారుతున్నా ఎగువ తూముల కింది రైతులందరూ ఒకేసారి మడులకు నీళ్లు పెట్టుకున్నరోజున శివారు చేనుకు తడి అందదు, వంతు వచ్చేదాకా కాచుకోవాలి. లీజు లైన్ అంటే లాకు దగ్గర నుంచి మీ చేను దాకా మీ ఒక్కరి కోసమే తవ్విన బోదె. దానికి మధ్యలో ఎవరూ గండి కొట్టరు. మీ కర్మాగారం మూసి ఉన్న ఆదివారం రాత్రి కూడా ఆ 20 ఎంబీపీఎస్‌ను కంపెనీ మరొకరికి అమ్ముకోవడానికి ఉండదు. అలా ఖాళీగా అట్టిపెట్టినందుకే మీరు డబ్బు ఇస్తున్నారు. ఒప్పందంలో 1:1 అని రాసేది దీన్నే.

అయితే 1:1 అన్న మాటకు ఒక హద్దు ఉంది, అమ్మేవారు దాన్ని సాధారణంగా ఎత్తరు. ఆ హామీ మీ గోడ నుంచి ఆ కంపెనీ గేట్‌వే (కంపెనీ నెట్‌వర్క్ బయటి ఇంటర్నెట్‌తో కలిసే చోటు) దాకానే చెల్లుతుంది. ఆ తరువాత ఉన్న ఇంటర్నెట్ అందరిదీ కాబట్టి, మీ కొనుగోలుదారు దేశంలోని సర్వర్ నెమ్మదిగా ఉంటే మీ లీజు లైన్ దాన్ని వేగిరపరచలేదు. "మీ గేట్‌వే ఏ ఊళ్లో ఉంది, అక్కడి దాకా పూర్తి వేగాన్ని రాసి ఇస్తారా" అని తప్పక అడగండి.

ఇంకొక తేడా ఎగువ వేగం. ఇంటి కనెక్షన్లలో చాలావాటికి కిందికి వచ్చే వేగంతో పోలిస్తే పైకి పంపే వేగం తక్కువ, లేదా హామీ లేనిది. లీజు లైన్‌లో రెండూ సమానం. మీ ఉత్తరంలో శీతల గిడ్డంగిలోనూ ప్యాకింగ్ హాల్లోనూ కలిపి 16 కెమెరాలు ఉన్నాయని, ఆ దృశ్యాలన్నిటినీ ఎప్పటికప్పుడు క్లౌడ్‌కు పంపాలని ఉందని రాశారు. ఒక్కో కెమెరాకు 2 ఎంబీపీఎస్ వేసుకున్నా 32 ఎంబీపీఎస్ నిరంతరంగా పైకి పోవాలి. మీరు అడిగిన 20 దానికే చాలదు, ఇక షిప్పింగ్ బిల్లులకూ కొనుగోలుదారుతో వీడియో సంభాషణకూ మిగిలేది ఏమీ ఉండదు. రికార్డింగ్‌ను కర్మాగారంలోని ఎన్‌వీఆర్ (కెమెరా దృశ్యాలను దాచే పెట్టె)లోనే ఉంచి, చూడదలచుకున్నప్పుడు చూడదలచుకున్న కెమెరాను మాత్రం బయటికి తెప్పించుకుంటే 20 ఎంబీపీఎస్ సుఖంగా సరిపోతుంది.

తీసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నేను అందరినీ ఒకటే లెక్క వేయమంటాను: పనిదినాన నెట్ ఒక గంట ఆగితే మీకు ఎన్ని రూపాయల నష్టం? కంటైనర్ కదలవలసిన రోజున పత్రాలు అప్‌లోడ్ కాక లారీ గేటు దగ్గర నిలబడిపోయే సంస్థకు ఆ అంకె పెద్దది. మెయిళ్లు, జీఎస్టీ రిటర్నులు తప్ప మరేమీ లేని సంస్థకు అది చాలా చిన్నది. అలాంటివారు రెండు వేర్వేరు కంపెనీల బ్రాడ్‌బ్యాండ్ తీసుకుని మిగిలిన డబ్బు దాచుకోవడం మేలు. లీజు లైన్ అమ్మేవారికి ఈ సలహా నచ్చకపోయినా నా అభిప్రాయం ఇదే.

ప్రశ్న: అమలాపురంలో మాకు స్కానింగ్ సెంటర్ ఉంది. రాత్రిపూట తీసిన సీటీ స్కాన్లను హైదరాబాద్‌లోని రేడియాలజిస్టుకు పంపి రిపోర్టు తెప్పించుకుంటాము. ఎంత వేగం తీసుకోవాలి?

జవాబు: ఇక్కడ సగటు వాడకాన్ని లెక్కించి ప్రయోజనం లేదు, అన్నిటికంటే అత్యవసరమైన ఒక్క కేసును లెక్కించాలి. ఒక సీటీ పరీక్ష తాలూకు బొమ్మలన్నీ కలిపి 500 మెగాబైట్లు అనుకుందాం. 10 ఎంబీపీఎస్ లైన్ మీద అవి పైకి వెళ్లడానికి 400 సెకన్లు, అంటే దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. 50 ఎంబీపీఎస్ మీద 80 సెకన్లు చాలు. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద పెట్టుకుని, బంధువులు గుమ్మంలో నిలబడి ఉండగా ఆ ఐదు నిమిషాలకు పైబడిన తేడా ఎంత బరువైనదో మీకు నేను చెప్పనక్కరలేదు. పోతే, అదే సమయంలో రిసెప్షన్‌లోని కంప్యూటర్ ఏదో అప్‌డేట్ దింపుకుంటూ లైన్‌ను ఆక్రమించకుండా, స్కాన్ యంత్రం నుంచి బయలుదేరే డేటాకు మొదటి ప్రాధాన్యం ఇవ్వమని మీ రౌటర్ అమర్చే మనిషికి చెప్పండి. ఈ అమరిక లేకపోతే 50 తీసుకున్నా ఒక్కోసారి 10 తీసుకున్నట్టే ఉంటుంది.

మీకు మాత్రమే వర్తించే ఒక సంగతి కూడా ఉంది. లీజు లైన్ అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఎగుమతిదారులు, జీఎస్టీ వసూలు చేసే వ్యాపారులు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాబట్టుకుంటారు. రోగ నిర్ధారణ సేవలకు పన్ను మినహాయింపు ఉన్నందున మీకు ఆ వెసులుబాటు లేదు, ఆ 18 శాతం మీకు ఖర్చే. అందువల్ల కొటేషన్లను పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన మొత్తాన్నే చూడండి.

ప్రశ్న: తణుకులో మా ఆఫీసుకు 10 ఎంబీపీఎస్ లీజు లైన్ వేయించాము. ఫైలు దింపుకుంటుంటే తెర మీద 1.2 అని కనిపిస్తోంది. ఇచ్చిన మాట తప్పినట్టేనా?

జవాబు: లేదు, మీ లైన్ సరిగ్గానే పని చేస్తోంది. లైన్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైలు దిగే వేగాన్ని కంప్యూటర్ మెగాబైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి 10ని 8తో భాగిస్తే 1.25 వస్తుంది, ప్యాకెట్ల మీద రాసుకునే చిరునామాలకు కొంత పోగా మీకు కనిపిస్తున్నది 1.2.

ప్రశ్న: రాజోలు ప్రాంతంలో మాకు కొబ్బరి ఉత్పత్తుల సంస్థ ఉంది. ఒక లైన్ పోతే ఇంకొకటి ఉండాలని రెండు వేర్వేరు కంపెనీల దగ్గర లీజు లైన్లు తీసుకుని రెండింటికీ అద్దె కడుతున్నాము. గత వర్షాకాలంలో రెండూ ఒకే నిమిషంలో పోయి మర్నాటి దాకా రాలేదు. కారణం అడిగితే ఇద్దరూ "కేబుల్ కట్" అన్నారు. ఇదెలా సాధ్యం?

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీదే. డెల్టాలో లీజు లైన్ తీసుకునే ప్రతివారూ తెలుసుకోవలసిన విషయం ఇందులో ఉంది కాబట్టి కాస్త విస్తారంగా రాస్తాను.

మీరు కొన్నవి రెండు బిల్లులు, దారి మాత్రం ఒక్కటే. మన ప్రాంతపు భూగోళాన్ని ఒకసారి తలచుకోండి. కోనసీమకు ఒక పక్క గౌతమి, ఇంకొక పక్క వశిష్ఠ, దిగువన సముద్రం ఉండగా, మధ్యలో వైనతేయ చీలి మీ రాజోలు ప్రాంతాన్ని విడిగా ఒక లంకలా చేసింది. అక్కడి నుంచి ఏ తీగ బయటికి వెళ్లాలన్నా ఏదో ఒక నదిని దాటాలి. నదిని దాటడానికి ఉన్న వంతెనలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎన్ని కంపెనీలున్నా వారి కేబుళ్లు సాధారణంగా ఆ వంతెనల పిట్టగోడల వెంబడి బిగించిన పైపుల్లోనే పక్కపక్కన నడుస్తాయి. పైగా ఒక కంపెనీ తన సొంత కేబుల్ లేని చోట మరొక కంపెనీ కేబుల్‌లోని రెండు పోగులను అద్దెకు తీసుకోవడం పరిపాటి. అప్పుడు రెండు పేర్లతో మీకు అమ్మినది ఒకే కేబుల్‌లోని నీలం పోగు, నారింజ పోగు అయినా ఆశ్చర్యం లేదు.

కొన్నేళ్ల క్రితం నా పర్యవేక్షణలో ఉన్న ఒక ఆఫీసుకు సరిగ్గా ఇదే జరిగింది. రెండు కంపెనీలు, రెండు రౌటర్లు, ఒకటి పోతే రెండోదానికి మారే ఏర్పాటు అన్నీ పకడ్బందీగా చేశానని నమ్మకంగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం రెండు దీపాలూ ఒకేసారి ఎర్రబడ్డాయి. ఓటీడీఆర్ (ఫైబర్ ఎంత దూరంలో తెగిందో చూపే పరికరం) పెట్టి చూస్తే తెగిన చోటు మూడున్నర కిలోమీటర్ల అవతల కాలువ గట్టు మీద ఉన్నట్టు తేలింది. వెళ్లి చూస్తే రోడ్డు వెడల్పు చేస్తున్న పొక్లెయిన్ తొట్టి ఒకే గోతిలో పక్కపక్కన ఉన్న నారింజ పైపునూ నీలం పైపునూ కలిపి పైకి లాగేసింది. చీకటి పడ్డాక ఒక కుర్రవాడు గోనెపట్టా మీద కూర్చుని, నుదుటికి లైటు కట్టుకుని, తల వెంట్రుక మందం ఉన్న ఒక్కొక్క పోగును స్పిరిట్‌తో తుడిచి, చివర నున్నగా కత్తిరించి, స్ప్లైసింగ్ యంత్రంలో ఎదురెదురుగా పెట్టేవాడు. చిన్న మెరుపు వచ్చి రెండు కొసలూ అతుక్కున్నాక తెర మీద ఆ అతుకు దగ్గర కాంతి నష్టం 0.02 డెసిబెల్ అని కనిపిస్తే తల ఊపి తరువాతి పోగు అందుకునేవాడు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అని వరుస తప్పకూడదు, తప్పితే ఒకరి లైన్ ఇంకొకరికి పోతుంది. ఇరవై నాలుగు పోగులు అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ పని ఎంత సున్నితమైనదో, బురద గట్టు మీద చేయడం ఎంత కష్టమో ఆ రాత్రి దగ్గరుండి చూశాక, ఆలస్యమైందని లైన్‌మన్ మీద కేకలు వేయడం నేను మానేశాను. నేను అడగవలసిన ప్రశ్న ఆర్డరు పెట్టేనాడే అడగవలసింది.

ఆ ప్రశ్న ఇది: "మా గుమ్మం నుంచి మీ గేట్‌వే దాకా కేబుల్ ఏయే రోడ్ల మీదుగా, ఏ వంతెన మీదుగా వెళుతుందో మ్యాపు మీద గీసి, సంతకం చేసి ఇవ్వగలరా?" రెండు కంపెనీల మ్యాపులను పక్కపక్కన పెట్టి చూడండి. మీ విషయంలో ఒక లైన్ దిండి–చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటి పాలకొల్లు వైపు వెళ్లేటట్టు, రెండోది బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన మీదుగా వైనతేయ దాటి అమలాపురం వైపు వెళ్లేటట్టు ఉండాలి. అమలాపురం చేరినది అక్కడి నుంచి రావులపాలెం మీదుగా పోతుందా, యెదుర్లంక వంతెన మీదుగా యానాం వైపు పోతుందా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. రావులపాలెం దగ్గర సిద్ధాంతం వైపు తిరిగితే మళ్లీ వశిష్ఠనే దాటి, మీ మొదటి లైన్ వెళ్లిన పశ్చిమ గోదావరి దారిలోనే కలిసే అవకాశం ఉంటుంది. చివరికి మీ ప్రాంగణంలోకి వచ్చేటప్పుడు కూడా ఒకటి ముందు గేటు వైపు నుంచి, ఇంకొకటి వెనుక ప్రహరీ వైపు నుంచి వచ్చేలా పట్టుబట్టండి. దారి పొడవునా జాగ్రత్తపడి గేటు దగ్గర ఒకే గోతిలో వేయించుకున్నవారిని నేను చూశాను.

కేబుల్ పోతే 4జీ డాంగిల్ ఉంది కదా అని కొందరు రాశారు. అది ఉండడం మంచిదే. కానీ మీ ఊరి టవర్‌కు డేటా మోసుకొచ్చే ఫైబర్ కూడా అదే వంతెన మీదుగా వస్తుంటే, వంతెన దగ్గర తెగినరోజున టవర్ సిగ్నల్ నిండుగా చూపిస్తూనే నెట్ రాదు. మీ లైన్ తెగిన రోజున ఏ నెట్‌వర్క్ ఫోన్లు పని చేశాయో గుర్తు తెచ్చుకుని ఆ కంపెనీ సిమ్‌నే డాంగిల్‌లో వేసుకోండి. పుస్తకాల్లో దొరకని సమాచారం అది, మీ సిబ్బంది జేబుల్లోని ఫోన్లలోనే ఉంది.

ప్రశ్న: కాకినాడలో మా సంస్థకు 99.5 శాతం లభ్యత హామీతో లీజు లైన్ ఉంది. ఒకరోజు ఆరు గంటలు లైన్ లేదు. పరిహారం అడిగితే హామీ ఉల్లంఘన జరగలేదన్నారు. ఆరు గంటలు ఉల్లంఘన కాదా?

జవాబు: ఒప్పందంలో ఆ శాతాన్ని ఏ కాలానికి లెక్కిస్తారో చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. ముప్పై రోజుల నెలకు లెక్కిస్తే 99.5 శాతం హామీలో అనుమతించే అంతరాయం 3 గంటల 36 నిమిషాలు. మీ ఆరు గంటలు దాన్ని దాటాయి. మూడు నెలలకు లెక్కిస్తే 10 గంటల 48 నిమిషాల దాకా అనుమతి ఉంటుంది, అప్పుడు వారి మాట నిజం. సంవత్సరానికి లెక్కిస్తే 43 గంటల 48 నిమిషాలు! అంటే ఒకేసారి దాదాపు రెండు రోజులు లైన్ లేకపోయినా ఆ ఏడాదికి మాట నిలబెట్టుకున్నట్టే. 99.5 అన్న అంకెను పెద్ద అక్షరాల్లోనూ లెక్కించే కాలాన్ని చిన్న అక్షరాల్లోనూ ముద్రించడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. సంతకానికి ముందు "నెలవారీగా" అన్న ఒక్క మాట రాయించుకోగలిగితే, అద్దెలో వంద రూపాయలు తగ్గించుకోవడం కంటే అది ఎక్కువ విలువైన బేరం.

రెండో సంగతి, గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది. చాలా ఒప్పందాల్లో లైన్ పోయిన క్షణం నుంచి కాక, మీరు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకున్న క్షణం నుంచి లెక్కిస్తారు. మీ మనిషి "వస్తుందేమో చూద్దాం" అని గంటన్నర ఊరుకుంటే ఆ గంటన్నర మీ ఖాతాలోనే పడుతుంది. ముందుగా చెప్పి చేసే మరమ్మతులు, మీ ప్రాంగణంలో కరెంటు పోవడం, తుపాను వంటి ప్రకృతి వైపరీత్యాలు లెక్కలోకి రావు. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన కోనసీమ వారికి ఆ చివరి మినహాయింపు ఎంత పెద్దదో తెలుసు. దాన్ని ఏ కంపెనీ వదులుకోదు కాబట్టి, తుపాను రోజుల్లో నెట్ లేకుండా ఎన్ని రోజులు నడపగలమన్న ఏర్పాటు మీదే అయి ఉండాలి.

ఉల్లంఘన రుజువైనా మీకు తిరిగి వచ్చేది అద్దెలో కొంత భాగమే తప్ప మీ వ్యాపార నష్టం కాదు. అందువల్ల పరిహారం శాతం మీద పోట్లాడేకంటే, లైన్ పోతే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు, తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ బృందం ఏ ఊళ్లో ఉంటుంది అని అడగడం ఉపయోగం. బృందం కాకినాడలోనే ఉంటే ఒక మాట, విశాఖపట్నం నుంచి రావాలంటే మరో మాట.

ప్రశ్న: కాట్రేనికోన వైపు మా రొయ్యల మేత గిడ్డంగికి ఫైబర్ రాదన్నారు. ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని టవర్ నుంచి రేడియో ద్వారా లీజు లైన్ ఇస్తామంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: రేడియో లీజు లైన్ చెడ్డదేమీ కాదు, గోతులు తవ్వే యంత్రాలు దాన్ని తెంపలేవు. కానీ కొబ్బరి చెట్టు తెంపగలదు. 5.8 గిగాహెర్ట్జ్ రేడియోకు రెండు డిష్‌లూ ఒకదానికొకటి కనిపించినంత మాత్రాన చాలదు. ఎనిమిది కిలోమీటర్ల లింకుకు నడిమధ్యన ఆ చూపు రేఖ చుట్టూ దాదాపు 10 మీటర్ల వ్యాసార్థం మేర, కనీసం అందులో అరవై శాతమైనా అడ్డు లేకుండా ఉండాలి. వేసవిలో సర్వే చేసినప్పుడు తోట పైన మూడు మీటర్ల ఖాళీ చూసి బాగుందన్న లింకు, గాలికి మట్టలు ఊగి తడిసి బరువెక్కిన శ్రావణంలో మినుకుమినుకుమనడం నాకు తెలుసు. చెట్టు ఏటా పెరుగుతుంది, స్తంభం పెరగదు. కాబట్టి మధ్య దారిలోని తోటల ఎత్తు కొలిచారా, రాబోయే ఐదేళ్ల పెరుగుదలకు స్తంభం ఎత్తు పెంచారా అని అడగండి.

మరొకటి, ఆ రేడియో ఏ పౌనఃపున్యంలో పని చేస్తుందో కనుక్కోండి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో అధిక భాగాన్ని 2018 నుంచి లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. వాన దానికి పెద్దగా అడ్డు కాదు గాని పక్క టవర్ మీద ఇంకొకరు అదే చానల్ పెడితే మీ లైన్ దెబ్బ తింటుంది. లైసెన్సు ఉన్న ఎగువ పౌనఃపున్యాల్లో ఈ గొడవ లేదు. అక్కడ కుండపోత వానే శత్రువు. మీ చోట ఏది తక్కువ ఇబ్బందో టవర్ మనిషితో కలిసి నిర్ణయించుకోండి. భూస్థిర ఉపగ్రహం ద్వారా ఇస్తామని ఎవరైనా అంటే, సంకేతం దాదాపు 36,000 కిలోమీటర్లు పైకి వెళ్లి దిగి, జవాబు కూడా అలాగే రావాలి కనుక ప్రతి మాటకూ అర సెకనుకు పైగా జాప్యం ఉంటుందని గుర్తుంచుకోండి. స్టాకు లెక్కలు పంపడానికి అది చాలు, ఫోన్ సంభాషణకు కష్టం.

ప్రశ్న: రావులపాలెంలో మా కాంప్లెక్సులో తొమ్మిది దుకాణాలున్నాయి. నేను ఒక లీజు లైన్ తీసుకుని అందరికీ పంచి, నెలనెలా వాటా వసూలు చేసుకోవచ్చా?

జవాబు: చేయవద్దు. డబ్బు తీసుకుని ఇతరులకు ఇంటర్నెట్ ఇవ్వడం సేవ అందించడం కిందికే వస్తుంది, దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి లేకుండా టెలికాం సేవ అందించడాన్ని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం నేరంగా పేర్కొంది. పైగా ఆ లైన్ ద్వారా ఎవరు ఏ తప్పు చేసినా పోలీసుల దగ్గరికి వెళ్లే చిరునామా మీదే. మీ ప్రాంతంలో లైసెన్సు ఉన్న ఐఎస్‌పీని (ఇంటర్నెట్ సేవల సంస్థను) పిలిచి, తొమ్మిది దుకాణాలకు కలిపి ఒక ధర అడిగి, బిల్లులు విడివిడిగా ఇమ్మనండి.

ప్రశ్న: మండపేట దగ్గర మా రైస్ మిల్లుకు వచ్చే వారం 100 ఎంబీపీఎస్ లీజు లైన్ అప్పగిస్తారు. సంతకం పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలి?

జవాబు: కంపెనీ మనిషి తన ఫోన్‌లో వై-ఫై మీద ఒక స్పీడ్ టెస్టు చూపించి సంతకం పెట్టమంటాడు. మర్యాదగా ఆపండి. ఒక ల్యాప్‌టాప్‌ను వై-ఫై ఆపేసి లాన్ కేబుల్‌తో నేరుగా వారి రౌటర్‌కే తగిలించి, ఎగువ దిగువ వేగాలు రెండూ చూడండి. వారి సొంత సర్వర్ మీద ఒకసారి, వేరే కంపెనీ సర్వర్ మీద ఒకసారి. పగలు పదకొండు గంటలకు బాగుంటే చాలదు, రాత్రి ఎనిమిదికి మళ్లీ చూడండి. లీజు లైన్‌లో రెండు వేళల్లోనూ ఒకే అంకె రావాలి. ఆ తరువాత రాత్రంతా పింగ్ (అవతలి కంప్యూటర్‌కు చిన్న ప్యాకెట్లు పంపి జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష) నడుస్తూ ఉండనిచ్చి, తెల్లవారి ఎన్ని ప్యాకెట్లు పోయాయో చూసి అప్పుడే సంతకం పెట్టండి. ఒక్కరోజు ఆలస్యమైనందుకు ఎవరూ నొచ్చుకోరు.

లైన్ బాగుండి మిల్లు లోపల నెమ్మదిగా ఉంటే తప్పు సాధారణంగా మన వైపే ఉంటుంది. పాత స్విచ్‌ల పోర్టులు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం కాబట్టి, రేపు లైన్ పెంచుకున్నా వేగం పెరగదు. ఇప్పుడే గిగాబిట్ స్విచ్ పెట్టించండి. లాన్ రాగి కేబుల్‌కు 100 మీటర్లు హద్దు. ఆఫీసు నుంచి డ్రయ్యర్ షెడ్డు దాకా 300 మీటర్లు లాగితే ఒకరోజు పని చేసి మరురోజు మానేస్తుంది. ఆ మధ్యకు మీరే ఒక ఫైబర్ వేయించుకోవాలి. దానికి పిడుగుల భయం కూడా తక్కువ. రౌటర్‌ను యూపీఎస్‌కు కలిపి, దాని పక్కనే ఉన్న మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను లాన్ కేబుల్‌కు కలిపే డబ్బా) అడాప్టర్‌ను మామూలు ప్లగ్గుకు వదిలేసిన మిల్లులు చాలా చూశాను. కరెంటు పోగానే లైన్ పోయిందని ఫిర్యాదు చేస్తారు. రెండూ యూపీఎస్ మీదే ఉండాలి.

మీకు ఎనిమిది స్థిర ఐపీల (ఇంటర్నెట్‌లో మీ సంస్థకు మారకుండా ఉండే చిరునామాల) గుంపు ఇస్తే అందులో మీరు వాడుకోగలిగేవి ఐదే. మిగతా మూడూ నెట్‌వర్క్‌కూ, బ్రాడ్‌కాస్ట్‌కూ, రౌటర్‌కూ పోతాయి. స్థిర ఐపీ రాగానే సీసీ కెమెరాల డీవీఆర్‌ను (రికార్డరును) నేరుగా దాని మీద పెట్టి, యజమాని ఫోన్‌లో కనిపించేలా చేయడం అలవాటైపోయింది. డబ్బా మీద వచ్చిన పాస్‌వర్డ్‌తోనే అలా వదిలితే అది ప్రపంచమంతటికీ కనిపిస్తుంది, చొరబడినవాడు దాని ద్వారా మీ లెక్కల కంప్యూటర్ దాకా వస్తాడు. డీవీఆర్‌ను లోపలే ఉంచి వీపీఎన్ (బయటివారు చూడలేని రహస్య దారి) ద్వారా మాత్రమే చూడండి. ఇలాంటి చొరబాటు జరిగితే గమనించిన 6 గంటల్లోగా తమకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో జారీ చేసిన ఆదేశాలు సంస్థలన్నిటికీ వర్తిస్తాయి.

చివరిగా, సర్క్యూట్ ఐడీ (మీ లైన్ గుర్తింపు సంఖ్య), ఫిర్యాదు నంబరు, స్థానిక స్ప్లైసింగ్ బృందం నంబరు, వారు స్పందించకపోతే పిలవవలసిన పై అధికారి నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి, రౌటర్ పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి. రాత్రి రెండు గంటలకు లైన్ పోయినప్పుడు ఆ పెట్టె ముందు నిలబడేది మీ గేటు కాపలాదారే కావచ్చు.